మునక సభ్యుడి నాలుగు హద్దులు

నేను దస్తావేజు లేఖరిని. పేరు అద్దేపల్లి సత్యలింగం. మా గన్నేరుపాడు సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి ఎదురుగా, జిరాక్సు కొట్టు అరుగు మీద ఇరవై ఎనిమిదేళ్లుగా కూర్చుని ఊళ్లోని ఇళ్లకీ స్థలాలకీ హద్దులు రాస్తున్నాను. మా ఊరు ఏటిగట్టు వెంబడే పొడుగ్గా సాగి ఉంటుంది. అందుచేత నేను రాసిన కాగితాల్లో సగానికి పైగా హద్దులు ఒకే మాటతో మొదలవుతాయి. "తూర్పు: గోదావరి పాయ." ఈ మాట ఎన్ని వేలసార్లు రాశానో నాకే తెలియదు గానీ, ఆ పాయ మీదికి మాత్రం కిందటేడు దాకా ఒక్కసారీ వెళ్లలేదు. అప్పటికి నాకు ఈత రాదు. నీళ్లంటే భయం కూడాను.

ఒకరోజు కాగితం రాయించుకోవడానికి వచ్చిన ఒకావిడ, "పాయలోంచి చూస్తే మా ఇల్లు ఏ పక్కకి కనపడుద్దండి?" అని అడిగింది. పాయ నుంచి ఇంటిదాకా ఎన్ని గజాలో, ఎన్ని అడుగులో చెప్పగలను. అక్కణ్ణుంచి ఎలా కనపడుతుందో చెప్పలేకపోయాను. ఆవిడ అడిగి ఊరుకుంది. నాకు మాత్రం రెండు రోజులు అన్నం సయించలేదు. సరిహద్దు రాసేవాడు సరిహద్దులో నిలబడి ఊరిని చూడకపోవడం ఏమిటని సిగ్గేసింది.

సరిగ్గా అప్పుడే మా రేవులో గోదావరి జల సాహస క్రీడా సంఘం పెట్టారు. ఒక రేకుల షెడ్డు, ఎనిమిది పసుపు రంగు కయాకులు, ఒక గురువు. కయాకంటే ఒక మనిషి కాళ్లు లోపలికి చాపుకుని కూర్చుని, రెండు వైపులా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే సన్నటి పడవ. దరఖాస్తులో చేరుటకు కారణం అన్న చోట "తూర్పు సరిహద్దును స్వయముగా పరిశీలించుటకు" అని రాశాను. ఇంట్లో మా మంగతాయారు, "నెత్తి మీద రెండు చెంబులు ఎక్కువ పోసుకుంటే ఊపిరాడట్లేదంటారు, ఏరు మీకెందుకండీ" అంది. నేను దరఖాస్తు పట్టుకుని బయల్దేరాను.

గురువు పేరు ఓలేటి నూకరాజు. వాళ్ల నాన్న ఇదే రేవులో దాటింపు పడవ నడిపాడు. నూకరాజు ఎక్కడెక్కడో శిక్షణ తీసుకుని తిరిగొచ్చాడు. మొదటి రోజే చెప్పాడు, పడవ నడపడం తర్వాత, ముందు పడటం నేర్చుకోవాలని. పడవ తిరగబడితే కంగారు పడకుండా కాళ్లు లాక్కుని బయటికి రావాలి. పడవను వదలకూడదు. తోటివాడు వచ్చి, తిరగబడ్డ పడవ ముక్కుని తన పడవ మీదికి అడ్డంగా లాగి, నీళ్లు వంపేసి, మళ్లీ వెల్లకిలా తిప్పి పక్కన గట్టిగా పట్టుకుంటాడు. నీళ్లలో ఉన్నవాడు వెనక నుంచి బోర్లా పాక్కుంటూ ఎక్కాలి. "ఇది పది రోజులు చేశారంటే పదకొండో రోజున లంక దాకా ఎల్లొచ్చేద్దారండి మాస్టారూ," అన్నాడు. నేను మాస్టారిని కాను, కానీ మా వైపు కలం జేబులో ఉన్న ప్రతివాడూ మాస్టారే.

మిగతా సభ్యులు గట్టు మీద నుంచి చూస్తుంటే, నేను పడ్డాను. ముక్కులోకీ చెవిలోకీ గోదావరి పోయింది. నూకరాజు నన్ను పడవెక్కించాక, ఆ పసుపు పడవ మీద తడిసిన పిల్లిలా కూర్చుని ఉంటే, ఎందుకో చెప్పలేనంత ఆనందం వేసింది. చచ్చిపోతాననుకున్న చోట చావకపోవడం అంత బాగుంటుందని నాకు అదివరకు తెలియదు. పది రోజులూ పడ్డాను. పదకొండో రోజు పొద్దున్న, పాయలో ఎదురుగా కనపడే ఇసుక దిబ్బకి, ఆ లంకకి బయల్దేరడానికి తెడ్డు పట్టుకున్నాను. అప్పుడు వచ్చింది సర్క్యులరు.

మా సంఘానికి పైన ఒక ప్రత్యేకాధికారి ఉన్నారు. తటవర్తి జగదీశ్వరరావు గారు. మనిషి మంచివాడే, కాగితం చేతిలో లేనప్పుడు. నెల నివేదికలో "రక్షించబడిన వారు" అన్న గడిలో మా సంఘం పద్నాలుగు రాసిందట. పక్క రేవు సంఘం తొంభై రాసిందట. దాంతో ఆయన మాకు నెలకి నూట ఇరవై రక్షణల లక్ష్యం పెట్టారు. దానికోసం చేయవలసింది కూడా ఆయనే సెలవిచ్చారు. "విహారము వలన ఎవరూ మునుగుట లేదు. ఎవరూ మునగనిచో ఎవరినీ రక్షించుట సాధ్యపడదు. కావున విహారము తక్షణమే నిలిపివేయవలెను."

ఇరవై ఎనిమిదేళ్ల అనుభవంతో చెబుతున్నాను, ఆ వాక్యంలో ఎక్కడా తప్పు లేదు. నేను తెడ్డు కింద పెట్టేశాను.

ఆ రోజు నుంచి మా పడవలు రేవుకి పది గజాలు దాటలేదు. సభ్యులం ఇరవై రెండు మందిమి రోజూ వచ్చి రక్షణ మొదలుపెట్టాం. రెండో రోజుకే చిక్కొచ్చిపడింది. రక్షించినవాడికి బంగారు రంగు బ్యాడ్జీ, ఫోటో, ధ్రువపత్రం ఇస్తున్నారు. మునిగినవాడికి తువ్వాలు ఇస్తున్నారు. ఇరవై రెండు మందిలో ఇరవై ఒక్కరు రక్షకులయ్యారు. నూకరాజు అందరికీ నచ్చజెప్పబోయాడు, పడటం రానివాడికి తీయడం రాదని, వంతులేసుకుందామని. ప్రత్యేకాధికారి గారు విని, రక్షక హోదా పొందిన సభ్యుని నీట ముంచుట హోదాకు భంగకరమని తేల్చారు.

అలా నేను సంఘానికి ఏకైక మునక సభ్యుణ్ణయ్యాను. ఎంపికకి కారణం నా సహజత్వం అన్నారు. ఈత వచ్చినవాడు మునిగితే చూడ్డానికి బాగుండదట. నా ముఖంలో భయం నిజంగా ఉంటుందట. అది నిజమే.

ఇక రిజిస్టర్లు వచ్చాయి. ఒకటి మునక రిజిస్టరు, రెండోది రక్షణ రిజిస్టరు. రెండూ సాయంత్రానికి సరిపోవాలి. మునిగినవాడు రక్షణ రిజిస్టరులో ఎక్కకుండా ఒడ్డెక్కితే లెక్క తేడా వస్తుంది కాబట్టి, ఏడో నియమం పెట్టారు. "మునిగిన సభ్యుడు, రక్షణ రిజిస్టరులో తన పేరు నమోదగు వరకు, సంఘ పడవతో సహా నీటిలో విధి నిర్వహణలో ఉన్నట్లే భావించవలెను." ఒకసారి రక్షణ రిజిస్టరు రాసే గుమాస్తా టీకి వెళ్లి, అక్కడ ఎవరో కలిస్తే మాటల్లో పడ్డాడు. నలభై నిమిషాలు పడవ పట్టుకుని మొలలోతు నీళ్లలో విధి నిర్వహించాను. గట్టు మీద రక్షకులు ఐదుగురు నిలబడి, పుస్తకం లేనిదే రక్షించలేమని చాలా బాధపడ్డారు.

ఆరు నెలలు తిరిగేసరికి నా జుట్టు ఆరడం మానేసింది. మంగతాయారు పూటకో గ్లాసు అల్లం కషాయం ఇచ్చేది. అసలు దెబ్బ ఆఫీసులో తగిలింది. ఒక క్రయపత్రానికి సాక్షిగా వేలిముద్ర వెయ్యబోతే, యంత్రం నన్ను గుర్తుపట్టలేదు. నీళ్లలో నాని నాని వేళ్లు ముడతలు పడ్డాయి. పదిసార్లు వేశాను. పదిసార్లూ ఈ వ్యక్తి ఎవరో తెలియదంది. ఎన్ని వేలమంది గుర్తింపులకో సాక్షి సంతకం పెట్టిన నేను, ఆ అరుగు మీద ఎవరినీ కాకుండా పోయాను. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. ఆ కోపంలోనే నూకరాజు దగ్గరికి వెళ్లి, ఎవరూ తీయకుండా నా అంతట నేను పడవెక్కే పద్ధతి ఏదైనా ఉందా అని అడిగాను.

ఉందట. తెడ్డు చివర గాలి నింపిన సంచీ తొడిగి, తెడ్డుని పడవ వెనక అడ్డంగా పెడితే, నీళ్ల మీద చెయ్యి ఆన్చుకున్నట్టు ఉంటుందట. దాని మీద కాలు వేసి బోర్లా ఎక్కేయొచ్చట. "ఇదే అసలు విద్దెండి మాస్టారూ, మిగతావన్నీ దీని తరవాతే," అన్నాడు నూకరాజు. సంఘం తెరవకముందే రోజూ పొద్దున్నే వచ్చి, ఎవరికీ తెలియకుండా నాకు నేర్పాడు. ఆ సందులోనే ఈత కూడా కొంచెం పట్టుబడింది.

ఒకరోజు ఎప్పటిలాగే మునిగాను. నన్ను రక్షించవలసినది కొప్పిశెట్టి ధనరాజు గారు. రైసుమిల్లు సూపర్వైజరు, మా సంఘంలో అగ్ర రక్షకుడు, నన్ను ఒక్కణ్ణే రెండువందల పదిసార్లు కాపాడిన మనిషి. ఆయన ఫోటో కోసం కాలరు సర్దుకుంటున్నారు. ఆ సర్దుకోవడం తెమిలేలా లేదు. నేను సంచీ తొడిగి, తెడ్డు అడ్డం పెట్టి, పడవెక్కి కూర్చున్నాను. ధనరాజు గారు నా వైపు చూసిన చూపు, విస్తరి ముందు కూర్చున్నవాడి చేతిలోంచి ముద్ద లాగేస్తే చూసినట్టుంది.

మూడో రోజుకి మెమో వచ్చింది. రక్షక సిబ్బంది సమక్షమున, ఎట్టి అనుమతియు లేకుండ, తనంతట తాను రక్షించుకొని, సంఘ లక్ష్యమునకు ఒక రక్షణ నష్టము కలిగించినందులకు నాపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెనని. నేను వెళ్లి, మునిగి ఉండటం అలవాటు తప్పి పొరపాటున తేలానని రాసిచ్చాను. ప్రత్యేకాధికారి గారు నా జవాబు రెండుసార్లు చదివారు. తర్వాత కళ్లద్దాలు తీసి, నూకరాజుని కూడా పిలిపించి ఇద్దరికీ కలిపి చెప్పారు.

"చూడండి సత్యలింగం గారూ, ప్రతి సభ్యుడూ తనను తాను రక్షించుకొనుట ఆరంభించినచో, రక్షణ వ్యవస్థ యొక్క మనుగడయే ప్రశ్నార్థకము కాగలదు. కనుక ఈ సంఘమునందు స్వయం రక్షణ అనునది లేదు. లేనిది జరిగినట్లు మేము నమోదు చేయజాలము."

స్వయం రక్షణని పాఠాల్లోంచి కొట్టేశారు. గాలి సంచీని బీరువాలో పెట్టి తాళం వేశారు. నూకరాజుని నీళ్లలోంచి తీసేసి గట్టు మీద మునక రిజిస్టరు రాసే పనిలో వేశారు. పదకొండు నెలలు గడిచినా లంక నాకు అంతే దూరంలో ఉండిపోయింది. నడిస్తే వెళ్లిపోవచ్చు అన్నంత దగ్గర్లో, రోజూ, నా కళ్ల ముందే.

సంఘానికి ఏడాది నిండబోతుండగా మా రక్షణలు వెయ్యికి చేరబోతున్నాయని తేలింది. వెయ్యో రక్షణని వార్షికోత్సవం నాడే, రాష్ట్రం నుంచి వచ్చే ఒక పెద్దాయన ఎదుట చెయ్యాలని నిర్ణయించారు. అందాకా లెక్క దాటిపోకుండా పదిహేను రోజులు నన్ను ముంచడం ఆపేశారు. ఆ పదిహేను రోజులూ నా వేళ్లు మళ్లీ వేళ్లయ్యాయి. యంత్రం నన్ను గుర్తుపట్టింది.

ఆ రోజు రేవు నిండా షామియానా. కయాకులకి బంతిపూల దండలు కట్టారు. వెయ్యో రక్షణ కోసం ఇద్దరు కూర్చునే కయాకు ఒకటి కొత్తగా తెప్పించారు. ముందు ప్రత్యేకాధికారి గారు, వెనక ధనరాజు గారు. లైఫ్ జాకెట్ వేసుకుంటే బ్యాడ్జీలు కనపడవని ఇద్దరూ అవి తీసి గట్టు మీద పెట్టేశారు. నూకరాజు రిజిస్టరు వదిలేసి వెళ్లి బతిమాలాడు. గాలి మళ్లింది, ఎగువ నుంచి నీళ్లు వదిలారు, ఇవాళ వడి ఎక్కువుందన్నాడు. రిజిస్టరు రాసే సిబ్బంది నీటి విషయములలో జోక్యము చేసుకొనరాదన్నారు ప్రత్యేకాధికారి గారు. పెద్దాయన ముందు ఆలస్యం కాకూడదని నా పేరు ముందే మునక రిజిస్టరులో రాయించేశారు. ఉదయం పది గంటల పన్నెండు నిమిషములకు మునిగెను అని. నేను పది ఇరవైకి నీళ్లలోకి దిగాను.

నేనింకా నా పడవ తిరగేయలేదు. రక్షక పడవ నా వైపు నాలుగు గజాలు వచ్చింది. గట్టు మీద నుంచి ఫోటో తీసేవాడు ఇటు చూడమన్నాడు. ప్రత్యేకాధికారి గారు చెయ్యి ఊపుతూ లేచి నిలబడ్డారు. కయాకులో లేచి నిలబడకూడదని మొదటి రోజే చెబుతారు, కానీ అది పడేవాళ్లకి చెప్పే పాఠం. పూలదండలతో సహా పడవ బోర్లా పడిపోయింది.

అప్పుడు తెలిసింది మాకందరికీ. ఏడాదంతా వెయ్యికి ఒకటి తక్కువ రక్షణలు చేసిన ఆ ఇరవై ఒక్క మందిలో, ఒక్కరూ ఒక్కసారీ నీళ్లలో పడలేదు. పడితే ఏం చెయ్యాలో ఆ రేవులో తెలిసినవాళ్లం ఇద్దరమే. ఒకడు గట్టు మీద పుస్తకం పట్టుకుని ఉన్నాడు. ఇంకొకణ్ణి నేను.

ధనరాజు గారు పైకి తేలి పడవ పట్టుకోకుండా గట్టు వైపు చేతులు ఆడిస్తున్నారు. ప్రత్యేకాధికారి గారు కనపడలేదు. తర్వాత కనపడ్డారు, వడికి కొట్టుకుపోతూ, పది గజాల అవతల. నాకు ఆ క్షణంలో మెమో గుర్తుకు రాలేదు, లక్ష్యం గుర్తుకు రాలేదు. ఆ ముఖంలో ఉన్న భయం మాత్రం నాకు బాగా తెలుసు, ఏడాదంతా అది నా ముఖంలోనే ఉంది. నాలుగు తెడ్లు వేసి ఆయన పక్కకి చేరాను. నా పడవ ముక్కు పట్టుకోమన్నాను. పట్టుకున్నారు. ఆయన నోట్లోంచి గ్రాంథికం అంతా కొట్టుకుపోయింది.

"నాకు ఈత రాదండి సత్యలింగం గారూ. నన్ను వదలకండి."

"వదలనండి. కాళ్లు ఆడించకండి. పడవని పట్టుకుని ఉండండి, అదే తేలుద్ది," అన్నాను. ఏడాది కిందట నూకరాజు నాకు చెప్పిన మాటలవే. ఈలోగా నూకరాజు పుస్తకం విసిరేసి దూకేశాడు. అతను ధనరాజు గారిని తీసుకుని, నేను ప్రత్యేకాధికారి గారిని తీసుకుని, ఇద్దరినీ గట్టెక్కించాం. జనం చప్పట్లు కొట్టారు. పెద్దాయన ప్రదర్శన చాలా సహజంగా ఉందని మెచ్చుకుని, రక్షణ రిజిస్టరులో తొమ్మిదివందల తొంభై తొమ్మిది కింద గీత గీసి, సంతకం చేసి, టిఫిను చేసి వెళ్లిపోయారు.

సాయంత్రం రిజిస్టర్లు సరిచూశారు. సరిపోలేదు.

ప్రత్యేకాధికారి గారినీ ధనరాజు గారినీ రక్షింపబడినవారిగా రాద్దామంటే, రక్షకులు మునిగినట్టు రాయడానికి గడి లేదు. నేను మాత్రం పది పన్నెండుకి మునిగినట్టుంది. నన్నెవరూ రక్షించలేదు. నా అంతట నేను గట్టెక్కాను అందామంటే, స్వయం రక్షణ అనునది ఈ సంఘములో లేదు. పేరు కొట్టేద్దామంటే పెద్దాయన సంతకం ఉన్న రోజు. రాత్రికల్లా కాగితం తయారైంది. వెయ్యో రక్షణ పెండింగులో ఉందనీ, మునక సభ్యుడు శ్రీ సత్యలింగం ఇంకనూ నీటిలో ఉన్నట్లు భావించడమైనదనీ.

ఆ కాగితం మర్నాడు మా ఇంటికే తెచ్చిచ్చారు. మంగతాయారు చదివి, "నీళ్లలో ఉన్నవారికి కాఫీ ఇమ్మంటారా" అని అడిగింది. నేను కాఫీ తాగుతూ రెండోసారి చదివాను. మూడోసారి చదివాను. తర్వాత లేచి, పంచె ఎగ్గట్టి, రేవుకి వెళ్లాను. నూకరాజుకి కాగితం చూపించి, ఏడో నియమం చదివి వినిపించాను. సంఘ పడవతో సహా, నీటిలో, విధి నిర్వహణలో. విహారం నిషేధమే గానీ నేను విహరించడం లేదు, మునిగి ఉన్నాను. నన్ను ఒడ్డున ఉంచితే నియమోల్లంఘనమవుతుంది.

నూకరాజు లేచి వెళ్లి మంచి పడవ చూసి దింపాడు. బీరువా తాళం ఎలా తీశాడో నేను అడగలేదు, గాలి సంచీ పడవ వెనక కట్టి ఉంది.

వారం తర్వాత ప్రత్యేకాధికారి గారు అరుగు దగ్గరికి వచ్చారు. చేతిలో కాగితం లేదు. పైనుంచి అడుగుతున్నారని, ఒక్కసారి మునిగితే ఒక్క ఫోటోతో అయిపోతుందని, మెల్లగా అన్నారు. నేను ఆయనకి కుర్చీ వేసి, టీ తెప్పించి చెప్పాను.

"మునిగే ఉన్నాను కదండీ. రక్షించవలసింది తమరు."

ఏ వేళకి వీలవుతుందని అడిగారు. రోజూ పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకా లంక దగ్గర మునిగి ఉంటానని చెప్పాను. ఆయన తలూపి, టీ తాగి, వెళ్లబోతూ ఆగి, నూకరాజు దగ్గర ఈత నేర్చుకోవడానికి చేరానని చెప్పారు. ఎవరికీ తెలియకుండానట.

అప్పటి నుంచి ధనరాజు గారు రోజూ నన్ను రక్షించడానికి బయల్దేరుతున్నారు. ఒళ్లో రిజిస్టరు, మెడలో ఈల. ఏడాదంతా పది గజాల లోపలే రక్షించిన మనిషి కదా, పాయ సగానికి వచ్చేసరికి పడవ ఆయన చుట్టూ ఆయన్నే తిప్పుతోంది. మనిషి మీద నాకు కోపమేమీ లేదు. దగ్గరికొచ్చినప్పుడు తెడ్డు ఎలా పట్టుకోవాలో చెప్పి, ఇంకో నాలుగు తెడ్లు వేసుకుని ముందుకి పోతున్నాను.

ఆయన అలా వెంటపడ్డ మొదటి రోజునే నేను లంక ఇసుక దాకా చేరగలిగాను; అక్కడ పడవ ఆపి, వెనక్కి తిప్పి, ఊరిని చూశాను. ఇన్నాళ్లూ నేను ముక్కలు ముక్కలుగా రాసిన ఊరు, ఒక్క ముక్కలా ఉంది. నన్నడిగిన ఆవిడ ఇల్లు కనపడింది. రేవుకి ఎడమ చేతి వైపు, నీలం రంగు డాబా, మీద బట్టలు ఆరేస్తోంది. చూస్తూ చూస్తూ కళ్లు నీళ్లతో నిండిపోయాయి. అలవాటు కొద్దీ జేబులోంచి కలం తీశాను. కాగితం లేదు, అరచేతి మీదే రాసుకున్నాను.

తూర్పు: లంక ఇసుక. దక్షిణం: వంతెన. పడమర: మా ఊరు. ఉత్తరం: కొప్పిశెట్టి ధనరాజు గారు, తెడ్డు వేసుకుంటూ వస్తున్నారు.